1970లో జోర్డాన్ సైన్యానికి అమ్మాన్ ఎందుకంత తేలిగ్గా లొంగలేదు?

ట్యాంకులున్న సైన్యానికి, ట్యాంకుల్లేని పాలస్తీనా గెరిల్లాలను ఖాళీ చేయించడానికి పది రోజులు కూడా ఎందుకు చాలలేదని అడిగారు. నేను జోర్డాన్ రాజధాని అమ్మాన్ పక్కనున్న సహాబ్‌లో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేశాను. అద్దెకున్నది అమ్మాన్‌లో, అష్రఫియా కొండ మీద. నన్నడిగితే సగం జవాబు అక్కడి మెట్లే.

అమ్మాన్ అంతా కొండలు. ఇళ్ళ మధ్య నుంచి పైకి రాతి మెట్లు. కొన్నిచోట్ల ఎదురుగా మనిషి వస్తే మనం గోడకి ఒదిగి నిలబడాలి. అక్కడికి ట్యాంకు ఎలా వస్తుంది? డాబా మీద ఒక్కడు రైఫిల్‌తో కూర్చుంటే కింద వీధంతా ఆగిపోతుంది.

సెప్టెంబర్ 6న పీఎఫ్ఎల్పీ అనే పాలస్తీనా గెరిల్లా సంస్థ వాళ్ళు విమానాలు హైజాక్ చేసి జర్ఖా దగ్గరి ఎడారిలో దించారు, 12న పేల్చేశారు. రాజు హుస్సేన్ సైనిక ప్రభుత్వాన్ని పెట్టి, 17న తెల్లవారుజామున సైన్యాన్ని నగరంలోకి పంపాడు. సందుల్లోకి వెళ్ళలేని చోట ఫిరంగులతో కొట్టారు. వహదాత్, జబల్ హుస్సేన్ పాలస్తీనా శరణార్థి శిబిరాల మీద గుండ్లు పడ్డాయి. అక్కడున్నది గెరిల్లాలు మాత్రమే కాదు, పిల్లాపాపలతో వేల కుటుంబాలు. దీన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను.

మా ఇంటి ఓనరుకి అప్పుడు పదేళ్ళు. 1948లో పాలస్తీనాలోని లిద్దా పట్టణం వదిలి వచ్చిన కుటుంబం. ఆ రోజులన్నీ మెట్ల కింద అరలో కూర్చున్నారట. పిండి ఉంది, నీళ్ళు లేవు. శనగలు నానబెట్టిన నీళ్ళే చెల్లెలికి తాగించారట.

రెండో సగం జవాబు కూడా ఆ ఇంట్లోనే దొరికింది. జోర్డాన్ సైన్యంలో పాలస్తీనా మూలాలున్న వాళ్ళు చాలామంది. ఆయన మేనమామ వాళ్ళలో ఒకరు. తన అక్క ఉండే కొండ మీదికి గుండ్లు వేసే సైన్యంలో ఆయన ఉన్నాడు. ఉత్తరాన గెరిల్లాలకు మద్దతుగా సిరియా ట్యాంకులు కూడా దిగడంతో సైన్యం రెండు వైపులా చూసుకోవాల్సి వచ్చింది.

27న కైరోలో ఒప్పందం కుదిరింది. కుదిర్చిన ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ మర్నాడే పోయాడు. జెరాష్, అజ్లూన్ కొండల్లో మిగిలిన గెరిల్లాలను 1971 జులైలో తరిమేశాకే ఇది నిజంగా ముగిసింది.

ఆ తర్వాతే మేనమామ, యూనిఫాం లేకుండా, ఆ ఇంటికి వచ్చాడట. అక్క తలుపు తీసి రొట్టె పెట్టింది. తమ్ముడు తిన్నంతసేపూ ఒక్క మాటా లేకుండా ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో నీళ్ళు పడుతూనే ఉందట.