తమ్ముడు బతకాలని లేదంటున్నాడు – సమాధానం

అన్నా, ఇంటర్ చదివే మీ తమ్ముడు ఫ్రెండ్‌కి బతకాలని లేదని మెసేజ్ పెట్టినాడు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అన్నారు కదా, అట్లేం కాదు, అడగండి. ఎవరూ లేనప్పుడు 'చచ్చిపోవాలనిపిస్తా ఉందా రా' అని నేరుగా అడిగి వాడు చెప్పేదాకా గమ్మునుండండి, 'నీకేం తక్కువైంది' అని మాత్రం అనొద్దు. ఇంట్లో మాత్రలు, పొలం మందులు ఈ రోజే వాడికి అందకుండా బయట పెట్టించండి, ఒంటరిగా వదలద్దు.

మీ చిత్తూరు నుంచి తిరుపతి ఏమంత దూరం కాదు, అక్కడ రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపోండి. సేఫ్టీ ప్లాన్ రాయించమని అడగండి, అంటే మనసు బాలేనప్పుడు ముందు కనిపించే గుర్తులేంది, అప్పుడు ఏం చేస్తే కాస్త తేలికవుతుంది, ఎవరికి ఫోన్ చేయాల, ఇదంతా వాడి మాటల్లోనే ఒక కాగితం మీద.

మీ నాయన తిట్లు ఆపడం లేదన్నారే, అసలు పని అక్కడే ఉంది. ఫ్యామిలీ థెరపీలో ఒక పద్ధతుంది, 'అంత బాధలో ఉన్నప్పుడు అమ్మానాయన దగ్గరికి ఎందుకు రాలేకపోయినావు' అనే ప్రశ్నతోనే మొదలుపెడతారు, ఆ తర్వాత పిల్లోడితో విడిగా, పెద్దోళ్ళతో విడిగా మాట్లాడి మళ్ళీ కలిపి కూర్చోబెడతారు. డీబీటీ అని, తట్టుకోలేని బాధను ఎట్లా దాటాలో నేర్పించే ఇంకో థెరపీ ఉంది, దాంట్లో కూడా టీనేజ్ పిల్లలతో పాటు తల్లిదండ్రులకీ క్లాసులుంటాయి. ఈ రెండు పద్ధతుల్లో చేసేవాళ్ళు దొరక్కపోయినా ఫ్యామిలీ సెషన్ కావాలని గట్టిగా అడగండి.

రాత్రిపూట భయమేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, నంబర్ 14416, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు, వాడే కాదు మీరూ చేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చేట్టుంటే 108.