ఇండియానా వాళ్లు ‘హూజర్లు’ ఎందుకయ్యారు?

మీ అబ్బాయి బ్లూమింగ్టన్ నుంచి పంపిన టీషర్ట్ మీద ‘హూజర్’ అని ఉంది, అది కంపెనీ పేరా అని అడిగారు కదండీ. కాదు, అమెరికాలోని ఇండియానా రాష్ట్రం వాళ్లను పిలిచే పేరే అది. ‘ఇండియానన్’ అనే మాట ఉంది కానీ అక్కడివాళ్లు దాన్ని పెద్దగా వాడరు. 2017లో ఫెడరల్ ప్రభుత్వ ముద్రణ నియమావళిలో కూడా దాన్ని తీసేసి ‘హూజర్’ పెట్టారు. (మనకైతే ‘ఇండియానన్’ అంటే మనల్నే పిలిచినట్టుంటుంది!)

ఎందుకా పేరు అంటే తలో కథ చెప్తారు. తలుపు కొడితే లోపలివాళ్లు “హూజ్ హియర్?” అని అరిచేవారట. ఇంకోటి కవి జేమ్స్ విట్‌కోంబ్ రైలీ జోక్: కొట్లాట అయ్యాక నేల మీద పడున్న చెవిని చూసి ఒకడు “హూజ్ ఇయర్?” అన్నాడట. నవ్వుకోవడానికి బాగున్నాయి, అంతే.

నాకు కాస్త నమ్మబుద్ధేసేది వేరే. ఇంగ్లండ్‌లోని కంబర్లండ్ యాసలో ‘హూజర్’ అంటే మామూలుకన్నా బాగా పెద్దది. అమెరికా దక్షిణాదిలో అలాంటి మాటతోనే కొండప్రాంతపు మోటు మనుషులను వెక్కిరించేవారు. 1833లో జాన్ ఫిన్లే అనే కవి హూజర్ల మీద రాసిన కవిత ఇండియానాపొలిస్ పత్రికలో వచ్చాక ఆ వెక్కిరింతనే ఇండియానావాళ్లు గర్వంగా చెప్పుకోవడం పెరిగింది.

ఒక్కటే జాగ్రత్త, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ వెళ్లేటప్పుడు ఆ టీషర్ట్ వద్దనండి. అక్కడ అదింకా తిట్టే.