1970ల నాటి నరసాపురం పాసింజరు పెట్టెల వరుసను ఎలా నిర్ధారించుకోవాలి?

1970ల్లో నిడదవోలు–నరసాపురం మధ్య తిరిగిన పాసింజరు బండికి ఏ పెట్టె తరువాత ఏ పెట్టె ఉండేదో, అందుకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో మీరు అడిగారు. భీమవరం ప్రాంతంలో పుట్టి, ఈ శాఖ మార్గంలో తిరిగిన పాత బండ్ల వివరాలను చాలాకాలంగా సేకరిస్తున్నవాడిగా, నాకు అనుభవంలో నిలిచిన పద్ధతిని చెబుతాను.

ముందుగా, ‘ఇంజను నుంచి మొదటి పెట్టె, రెండో పెట్టె’ అనే లెక్కను పక్కన పెట్టండి. నరసాపురంలో పట్టాలు ముగుస్తాయి కాబట్టి, బండి చేరాక ఇంజను విడిపోయి, పక్క లైను మీదుగా వెళ్లి రెండో కొసకు తగులుకునేది. పెట్టెలు మాత్రం ఉన్న వరుసలోనే ఉండేవి. కనుక వెళ్లేటప్పుడు మొదటిదైన పెట్టె తిరుగు ప్రయాణంలో చివరిదవుతుంది. ‘నిడదవోలు కొస’, ‘నరసాపురం కొస’ అని రాసుకుంటే ఈ చిక్కు ఉండదు. విశాఖ–హైదరాబాదుల మధ్య 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: విశాఖ లైను, కాజీపేట లైను రెండూ విజయవాడ స్టేషనుకు ఒకే వైపు నుంచి వస్తాయి కాబట్టి బండి అక్కడ దిశ మార్చుకుంటుంది, రాజమండ్రిలో ఇంజను పక్కన ఉన్న పెట్టె ఖమ్మంలో బండి తోకన ఉంటుంది. ఏ స్టేషనులో, ఏ దిశలో, ఏ తేదీన అన్న మూడు సంగతులు లేని వరుసను నేను ఆధారంగా స్వీకరించను.

రెండోది, 1970ల దశకాన్ని ఒకే కాలంగా చూడకండి. 1974లో మూడో తరగతి రద్దయి రెండో తరగతిగా మారింది. అందుకే మూడో తరగతి, సామాను, గార్డు గది కలిసిన టి.ఎల్.ఆర్. పెట్టె తరువాతి కాగితాల్లో ఎస్.ఎల్.ఆర్.గా కనిపిస్తుంది. పెరంబూరు కర్మాగారం 1955 నుంచే ఉక్కు పెట్టెలు తయారు చేస్తున్నా, కొత్తవి ముందు మెయిళ్లకూ ఎక్స్‌ప్రెస్‌లకూ వెళ్లేవి, పాతవి మనలాంటి శాఖ మార్గాలకు దిగివచ్చేవి. కాబట్టి చెక్క పెట్టె కనిపించినంత మాత్రాన ఆ ఫోటోను 1950లదని తేల్చకూడదు.

కాగితాల్లో ప్రజలకు అమ్మిన టైంటేబుల్ తరగతులను, త్రూ కోచ్‌లను (దారిలో మరో బండికి తగిలించి ముందుకు పంపే పెట్టెలను) చెబుతుంది కానీ వరుసను చెప్పదు. వరుస ఉండేది రైల్వే తన సిబ్బంది కోసం అచ్చువేసిన మార్షలింగ్ పుస్తకంలో. ఒకే రేకు (కలిపి ఉంచిన పెట్టెల సముదాయం) ఏయే బండ్లుగా తిరిగేదో చూపే రేక్ లింకు కూడా దొరికితే, ఒక బండి వివరం మరి రెండు మూడు బండ్లకు దారి చూపుతుంది. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. అంతకు ముందరి కాగితాలను దక్షిణ రైల్వే పేరుతో, మద్రాసు వైపు వెతకాలి.

అయితే మార్షలింగ్ పుస్తకం చెప్పేది ఉండవలసిన వరుసను మాత్రమే. మరమ్మతుకు పోయిన పెట్టె స్థానంలో మరొకటి వచ్చేది, పెళ్లిళ్ల రోజుల్లో అదనపు పెట్టె తగిలేది. ఫలానా రోజున నిజంగా నడిచిన వరుసకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం రైల్వే సేఫ్టీ కమిషనర్ ప్రమాద విచారణ నివేదిక. అందులో ఇంజను మొదలుకొని ప్రతి పెట్టెనూ నంబరుతో సహా పేర్కొంటారు. విషాదం మిగిల్చిన కాగితమే అయినా అంతటి ఖచ్చితత్వం మరెక్కడా నాకు కనబడలేదు. దాని తరువాతి స్థానం గార్డుల రఫ్ జర్నళ్లది, అంటే ప్రయాణంలో వాళ్లు బండి వివరాలు రాసుకున్న పుస్తకాలది. విశ్రాంత గార్డుల ఇళ్లలో, అటక మీది ట్రంకుపెట్టెల్లో ఇవి ఇంకా ఉన్నాయి. మన డెల్టాలో చెద, తేమ ఎంత కాగితాన్ని తినేశాయో, 1986 ఆగస్టు వరదలోనూ 1996 నవంబరు తుపానులోనూ ఎన్ని ఇళ్ల కాగితాలు పోయాయో మీకు తెలుసు. అందువల్ల ఇల్లు తెలిసిన వెంటనే వెళ్లి, పుస్తకాన్ని ఇచ్చేయమని అడగకుండా, అనుమతితో అక్కడే ఫోటోలు తీసుకోండి.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు ‘ఎన్నో పెట్టె’ అని అడిగితే అందరూ తడుముకుంటారు. ‘పాలకొల్లు స్టేషనులో ఆడవాళ్ల పెట్టె ఎక్కడ ఆగేది? పార్సిలు బుట్టలు ఎక్కడ ఎక్కించేవారు?’ అని అడిగితే వేపచెట్టో, నీళ్ల కుళాయో గుర్తుచేసుకుని చెబుతారు. బండి ఏ వైపు వెళ్తుండగా అన్నది కూడా అప్పుడే అడిగి రాసుకోండి. అలా వేర్వేరు ఇళ్లలో చెప్పిన మాటలు కలిసిన చోటును నేను నమ్ముతాను.

ముందు ఒక సంవత్సరాన్ని, ఒక బండి నంబరును ఎంచుకోండి. విజయవాడ డివిజనుకు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టేటప్పుడు ‘పాత బండ్ల వివరాలు’ అని రాయకుండా, ఆ సంవత్సరపు మార్షలింగ్ పుస్తకంలో ఆ బండికి సంబంధించిన పుట నకలు అని ప్రత్యేకంగా అడగండి. వచ్చిన జవాబును, అది ‘రికార్డు లేదు’ అన్న ఒక్క వాక్యమైనా సరే, ఇక్కడ పెట్టండి. తరువాత వెతికేవారు ఆ తలుపు మళ్లీ తట్టనక్కరలేదు.