గుడిలో తొమ్మిది మంది, ఊళ్లవెంట ముప్పై మంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. మా రామాలయంలో తాతల కాలం నుంచి ప్రతి శనివారం రాత్రి భజన జరుగుతున్నది. మండలిలో ఒకప్పుడు నలభై మందిమి ఉండేవాళ్లం. మగ్గాల పని తగ్గినకొద్దీ కొందరు భివండి, సోలాపూర్, సూరత్ పోయారు. 2002లో ఆజంజాహి మిల్లు మూతబడ్డాక ఇంకొందరు పోయారు. వారి పిల్లలు కొందరు దుబాయిలో, ఇద్దరు డాలస్‌లో ఉన్నారు. ఇప్పుడు గుడిలో కూర్చునేది తొమ్మిది మంది. దూరాన ఉన్నవారి కోసం ఫోన్ నిలబెట్టి లైవ్ ఇస్తే మొదటి వారం ముప్పై మంది చూశారు, ఇప్పుడు నలుగురు కూడా లేరు. జూమ్‌లో అందరం కలిసి పాడబోతే ఒకరి పాట ఒకరికి అందక గోలగోల అయింది. మండలిని మళ్లీ నడిపించే దారి ఏమిటి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఆ గోల సంగతి చెబుతాను. దాని కారణం తెలియక, లోపం తమ గొంతులోనో తమ ఫోన్‌లోనో ఉందనుకొని చాలా మండళ్లు మానుకున్నాయి. 2020లో గుడులు మూసి ఉన్న రోజుల్లో మా బృందానికీ ఇదే జరిగింది. హార్మోనియం వాయించే పెద్దాయన తన పెట్టె చెడిపోయిందనుకొని రెండు రోజులు రీడ్లు విప్పి తుడుచుకుంటూ కూర్చున్నారు. పెట్టె బాగానే ఉంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి మంటపంలో ఆ చివర తాళం వేసేవారి దెబ్బ ఈ చివర కూర్చున్నవారికి చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు కూడా పట్టదు, కలిసి పాడేవారి చెవి ఓర్చుకోగల ఆలస్యం కూడా ఇంచుమించు అంతే. ఇంటర్నెట్ కాల్‌లో అయితే మీ గొంతు దూరదేశం చేరడానికి సెకనులో పావు వంతు పట్టడం మామూలు, వారి గొంతు మీకు తిరిగి రావడానికి మరో పావు వంతు పడుతుంది. సెకనుకు రెండు దెబ్బలు పడే నడకలో మీరు కీర్తన ఎత్తుకుంటే వంత పాడేవారు మీకు ఒక దెబ్బ వెనుక వినిపిస్తారు. వారు అందుకోవాలని మీరు నెమ్మదిస్తారు, మీరు నెమ్మదించారని వారు ఇంకా నెమ్మదిస్తారు, మూడో చరణానికి కీర్తన కూలబడుతుంది. దీనికి తోడు, ఈ కాల్స్ అన్నీ మాటను నిలిపి మిగతా చప్పుడును తీసివేసేలా తయారైనవి; వాటి లెక్కలో చిరుతల దరువు, తాళాల మోత, హార్మోనియం శ్రుతి అన్నీ తీసివేయవలసిన చప్పుడే. జూమ్ సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ అనేది పెట్టుకుంటే ఈ రెండో బాధ చాలావరకు తగ్గుతుంది. మొదటి బాధకు మందు లేదు, ఖరీదైన ఫోన్ కొన్నా అది పోదు.

అందువల్ల కలిసి పాడాలన్న పట్టుదల వదలండి. మీ లైవ్ చూసేవారు తగ్గిపోవడానికి కారణం కూడా, నా లెక్కలో, భక్తి తగ్గడం కాదు, పని లేకపోవడం. ఒకప్పుడు ఆ నలభై మందిలో తాళం పట్టినవారు ఒకరు, మంగళహారతి ఎత్తుకున్నవారు ఒకరు, దీపంలో నూనె చూసుకున్నవారు ఒకరు, చివర గుగ్గిళ్లు పంచినవారు ఒకరు ఉండి ఉంటారు. అటువంటి మనిషిని ఫోన్ ముందు కూర్చోబెట్టి ఊరికే చూడమంటే ఎన్ని శనివారాలు చూస్తాడు? భజనలో ఎవరి వంతు వారికి ఉండాలి. కాబట్టి దూరాన ఉన్న ముప్పై మందికీ వంతులు రాసి, ఆ చీటీ నెల ముందే వాట్సాప్‌లో పెట్టండి. గణపతి ప్రార్థన గుడిలో మొదలు కావాలి. రెండో కీర్తన సోలాపూర్ వారిది. వారు పాడుతున్నంతసేపు మిగిలిన అందరి మైకులూ మూసి ఉంటాయి, గుడిలోని తొమ్మిది మందీ వారితో గొంతు కలుపుతారు గాని ఆ గొంతు సోలాపూర్ పోదు, ఎవరి ఇంట్లో వారు ఎంత గట్టిగా పాడుకున్నా ఎవరికీ అడ్డం రాదు. మూడోది భివండి వారిది. మంగళహారతి మాత్రం మళ్లీ గుడిలోనే జరగాలి, ఎందుకంటే దీపం ఉన్నది అక్కడ. ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోతుంది కనుక అంతలోపు ముగిసేలా కూర్చుకుంటే డబ్బూ అక్కర్లేదు, సాగదీతా ఉండదు. ఫోన్‌ను తాళాలకు దూరంగా, పాడేవారి నోటికి మూరెడు దూరంలో పెట్టండి. సినిమా వరుసల భజనలు యూట్యూబ్‌లో పెడితే హక్కుల తగాదా వస్తుంది, అవి గుడి వరకే ఉంచుకోండి.

వేళ సంగతి. వరంగల్‌లో శనివారం రాత్రి 8 గంటలంటే దుబాయిలో సాయంత్రం 6.30, డాలస్‌లో ఎండాకాలం ఉదయం 9.30, చలికాలం 8.30. అక్కడ మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం గడియారాలు మారుస్తారు. ఆ రెండు వారాలూ ఎవరో ఒకరు గంట తేడాతో వచ్చి ఖాళీ గది చూసి వెళ్లిపోతారు, ముందే గుర్తు చేయండి. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టులో ఉన్నవారికి ఏ వేళ పెట్టినా కుదరని వారాలు ఉంటాయి, వారికి వంతు నెలకు ఒక్కటి చాలు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం పోతాయి. అసలు అక్కడ ఒక్క గదిలో ఆరుగురో ఎనిమిది మందో పడుకునే క్యాంపుల్లో ఉన్న మన పిల్లలకు గొంతెత్తి పాడే వీలు ఎక్కడిది? అటువంటివారు పని నుంచి వచ్చే బస్సు దిగి, గోడ పక్కన నిలబడి రెండు నిమిషాల కీర్తన పాడి పంపితే, దాన్ని శనివారం వారి పేరు చెప్పి గుడిలో స్పీకర్‌లో వినిపించండి. ఆ పిల్లవాడి తల్లి ఆ వారం తప్పకుండా గుడికి వస్తుంది.

ఇంకొక్క మాట. మీరు ఏటా ఏకాహం చేసే అలవాటు ఉన్నవారైతే ఈ దూరమే మీకు అక్కరకు వస్తుంది. ఇరవై నాలుగు గంటల నామంలో ముసలివారికి బరువయ్యేది రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా. చలికాలంలో ఆ మూడు గంటలు డాలస్‌లో మధ్యాహ్నం 1.30 నుంచి 4.30 వరకు. ఆ వంతు వారికి ఇచ్చి, వారి నామం గుడిలో స్పీకర్‌లో నడుస్తుండగా పెద్దలు ఒక కునుకు తీయవచ్చు. అయితే దీపం దగ్గర తాళం చేతపట్టుకొని ఒక్కరైనా మేలుకొని ఉండాలి. నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం, పోయిన మరుక్షణం ఆయన అందుకోవాలి. ఫోన్‌లో వచ్చే నామం అఖండం కిందికి వస్తుందా అని మీలో ఎవరైనా అడుగుతారు. మేలుకొన్న మనిషి పెదవి కదులుతూ ఉన్నంతసేపు వస్తుందనే నేను అంటాను. ఒప్పుకోని పెద్దలు ఉంటే వారితో వాదించకుండా ఆ మూడు గంటల వంతు వారికే ఇవ్వండి.

ప్రశ్న: మా మండలి రిజిస్టరయిన సొసైటీ. మైకులకు, పిల్లల పాఠాలకు అమెరికాలో ఉన్న మావాళ్లు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వారు ఎక్కడ ఉన్నారన్నది కాదు, చేతిలో ఏ పాస్‌పోర్టు ఉన్నదన్నది చూడండి. భారత పౌరులుగానే ఉంటూ తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డు (పరదేశ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా, పుట్టింది మట్టెవాడలో అయినా, చట్టం లెక్కలో విదేశీయులే. కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేకుండా వారి నుంచి సొసైటీ రూపాయి కూడా తీసుకోకూడదు. ఒకే ఇంట్లో అన్న పంపవచ్చు, తమ్ముడు పంపరాదు అన్న పరిస్థితి ఉంటుంది, నొచ్చుకోకుండా ముందే అడిగి తెలుసుకోండి. రెండు మైకుల కోసం ఆ రిజిస్ట్రేషన్ వెంట తిరగడం దండగని నా అభిప్రాయం. పౌరసత్వం మారినవారు అక్కడి పిల్లల పాఠం తామే నడిపి, దాని ఖర్చు తామే పెట్టుకుంటే వారి వంతు తీరుతుంది. లెక్కలు రాసే ఆడిటర్‌ను ఒకమాట అడగండి.

ప్రశ్న: కూతురి పిల్లలు సోలాపూర్‌లో, కొడుకు పిల్లలు న్యూజెర్సీలో. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. గజేంద్రమోక్షం పద్యాలు నేర్పుతానంటే ఒకరు మరాఠీ అక్షరాల్లో, ఒకరు ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపమంటున్నారు. పంపనా?
— ఒక అమ్మమ్మ, సిరిసిల్ల

జవాబు: పంపకండమ్మా, మొదట్లో మాత్రం పంపకండి. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే కల, కళ ఒక్కటే అవుతాయి. మరాఠీ లిపిలో ళ ఉంది, ణ ఉంది, కాబట్టి సోలాపూర్ పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. కాని దానిలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు, రాసినవన్నీ ఏ, ఓ లాగానే పలుకుతాయి. మెడలో హారం అనవలసిన పిల్లవాడు మేడలో హారం అంటాడు. పద్యంలో ఇది నవ్వులాటతో పోదు, లఘువు (పొట్టి అక్షరం) పడవలసిన చోట గురువు (పొడుగు అక్షరం) పడితే నడకే తప్పుతుంది.

మీ గొంతే పుస్తకం అనుకోండి. ఫోన్ తీసుకొని, ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో మొదటి పాదం ఒక్కటే చదివి పంపండి. అది ఉత్పలమాల, పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవవలసిన చోటు. ఎ, వ్వ, ని, చే, జ, నిం, చు, జ, గ అని తొమ్మిది వేళ్లు ముడిపిస్తే పదో వేలికి ‘మె’ వస్తుంది. జగము, ఎవ్వని అనే రెండు మాటలు కలిసిన చోటు అది. ఆ అక్షరం మీద కొంచెం ఒత్తి పలకండి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘వ్వ’ అని చెబితే, తరువాతి పాదం ఎలా మొదలవుతుందో పిల్లలే పట్టుకుంటారు. పోతన బమ్మెర మన పాలకుర్తి దగ్గరిదేనని, వచ్చే సెలవుల్లో తీసుకుపోతానని కూడా చెప్పండి.

నాలుగు పాదాలూ నోటికి వచ్చాక, అప్పుడు తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫొటో పంపండి. పద్యం ముందే వచ్చు కాబట్టి వారు చదవరు, వేలు పెట్టి వెతుకుతారు; ‘వ్వ’ నాలుగుసార్లు ఒకే నిలువు వరుసలో కనపడేలా పాదాలు ఒకదాని కింద ఒకటి రాయండి. వారు పాడి తిరిగి పంపినప్పుడు తప్పులన్నీ ఒకేసారి చెప్పకండి. మొదటి వారం ఎ, ఏ తేడా ఒక్కటే దిద్దండి. గురులఘువుల పేర్లు తరువాత చూసుకోవచ్చు. ఇద్దరి గొంతులూ అటువారివి ఇటు, ఇటువారివి అటు పంపడం మరిచిపోకండి, సోలాపూర్ పిల్ల ముందు పాడిందని తెలిస్తే న్యూజెర్సీ పిల్లవాడు ఆ రాత్రే పాడి పంపుతాడు.