సైట్ మాన్పించాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ (డేటా పట్టికలతో పనిచేయడానికి సిద్ధంగా దొరికే కోడ్) వాడే విద్యార్థులు సందేహాలు అడిగి తెలుసుకోవడానికి తెలుగులో ఒక సైట్ తయారుచేస్తున్నాడు. రాత్రి రెండింటి దాకా అదే పని. ప్లేస్‌మెంట్లు దగ్గర పడుతున్నాయి, మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మాన్పించకండి సార్. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన పిల్లల రెజ్యూమెల్లో చాలావరకు ఒకే రకం ప్రాజెక్టులు ఉంటాయి. నలుగురూ నిజంగా వాడే సైట్ ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం దొరుకుతుంది.

అయితే రాత్రుళ్లు దేని మీద కూర్చుంటున్నాడో అడగండి. లాగిన్ పేజీ, రంగులు, డార్క్ మోడ్ మీదైతే ఆ కష్టం అనవసరం. చర్చా వేదికలు నడపడానికి వాడే డిస్కోర్స్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని వాడుకోగల) సాఫ్ట్‌వేర్ సర్వర్‌లో పెట్టుకుంటే అవన్నీ దాంట్లోనే వస్తాయి.

అసలు పని జవాబుల దగ్గర ఉంది. ఉదాహరణకి, డేటాఫ్రేమ్‌కి (పాండాస్‌లో డేటా పట్టికకి) కొత్త వరసలు చేర్చడానికి ఒకప్పుడు అపెండ్ అనే ఆదేశం వాడేవారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0లో దాన్ని తీసేశారు. ఇప్పుడు కాన్‌క్యాట్ వాడాలి. పాత జవాబు చూసి కోడ్ కాపీ చేసుకున్న పిల్లకి ఎర్రర్ వస్తుంది, తప్పు తనదే అనుకుని గంటల తరబడి తల బద్దలు కొట్టుకుంటుంది. అందుకే ప్రతి జవాబు పైన అది ఏ వెర్షన్‌లో పనిచేస్తుందో రాయాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత కోడ్ మళ్లీ నడిపి చూడాలి. కంపెనీల్లో చేరాక ఎక్కువ కాలం చేసేది ఇలాంటి పనే. ఆ ఓపిక ఫ్రెషర్లలో నాకు అరుదుగా కనిపిస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాండాస్ పేరు, లోగో వాడేముందు ఆ ప్రాజెక్టు నియమాలు చదవమనండి. ఇది అధికారిక సైట్ కాదని మొదటి పేజీలోనే రాయాలి. ఒకే సందేహం పదేపదే వస్తుంటే పాండాస్ అసలు డాక్యుమెంటేషన్‌లోనే (వాడే పద్ధతి వివరించే పేజీల్లోనే) ఏదో లోటు ఉండొచ్చు. సరిచేసి, ఆ ప్రాజెక్టు కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో వాళ్లకి పంపాలి. వాళ్లు ఒక్క సవరణ తీసుకున్నా చాలు, ఆ లింకు రెజ్యూమెలో పెడితే ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ప్లేస్‌మెంట్ల సంగతికొస్తే, ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ వదిలితే కుదరదు. పొద్దున్నే రెండు గంటల సేపు వాటికే, సాయంత్రం ఒక గంట సైట్‌కి. నిద్ర మానుకోవడం మాత్రం ఒప్పుకోకండి. పరీక్షల వారాల్లో సైట్ చూసుకోవడానికి ఇద్దరు స్నేహితుల్ని ఇప్పుడే కలుపుకోవాలి. ఒక్కడి మీదే నడిచే సైట్ ఎక్కువ కాలం నిలవదు. హైడ్‌పై అని పైథాన్ వాడేవాళ్ల బృందం మన హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్ల మీటప్‌కి వెళ్లి సైట్ చూపిస్తే, తోడు వచ్చేవాళ్లు అక్కడే దొరకొచ్చు.