రెయిలింగ్ ఊగుతుంటే ముందు పైపు అడుగున కప్పు (మూత) ఎత్తి చూడండి

బెంగళూరు మారతహళ్ళిలోని మీ ఇంట్లో మెట్ల స్టీల్ రెయిలింగ్ ఊగుతోంది, కాంట్రాక్టరేమో "స్టీల్ కదా, ఆమాత్రం ఊగుతుంది" అంటున్నాడన్నారు. అది వట్టి మాట. వెల్డింగ్ కన్నా ముందు అనుమానించాల్సింది అడుగు బోల్టుల్ని.

1. ఎత్తు: మెట్టు మధ్య నుంచి పై పైపు దాకా 1,000 మిల్లీమీటర్లు (జాతీయ భవన నియమావళి, 2016). టేపుతో నిమిషం పని.

2. చాలామంది వదిలేసేది ఇదే. నిలువు పైపు మొదట్లో ఉన్న గుండ్రటి కప్పును పైకి జరపండి. లోపల ప్లేటు, బోల్టులు కనిపిస్తాయి. ఒకరు మెట్ల మీదే నిలబడి పై పైపును మెల్లగా బయటికి నెట్టాలి, ఒంటి బరువు వేయకూడదు. ఇంకొకరు ప్లేటు అంచున వేలు పెట్టి చూడాలి. బోల్టుతో సహా ప్లేటు లేస్తోందా? అయితే బోల్టు కింది కాంక్రీటు దాకా దిగకుండా చాలావరకు పైనున్న గ్రానైట్‌లోనే ఆగిపోయి ఉంటుంది. మెట్టు రాయి మందం సాధారణంగా 20 మిల్లీమీటర్లకు మించదు, నట్టు ఎంత బిగించినా దండగ.

3. భవనాలు మోయాల్సిన భారాలు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇంటి లోపలి మెట్ల రెయిలింగ్ మీటరుకు సుమారు 35 కిలోల పక్క తోపుడును తట్టుకోవాలి. చేతి తోపుకే ప్లేటు లేస్తే ఇక లెక్కలు అక్కర్లేదు.

4. ఫ్యాబ్రికేటర్‌తో (రెయిలింగ్ పని చేసేవారితో) రాయి దాటి కాంక్రీటులోకి డ్రిల్ చేయించి, కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి బిగించే బోల్టు) వేయించండి. రంధ్రం మెట్టు అంచుకు మరీ దగ్గరగా వద్దు, కాంక్రీటు పెచ్చు ఊడుతుంది.