పాత ఐపాడ్‌లో రాక్‌బాక్స్ వేసుకోవచ్చా? వేసుకోండి, దానికి నోరుంది

మీరు అడిగింది ఇదీ: ఐదో తరం ఐపాడ్ వీడియో, 30 జీబీది, మీ దగ్గర ఉంది. అందులో రాక్‌బాక్స్ (కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు పాటల ప్లేయర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేస్తే పాడైపోతుందా, వద్దనుకుంటే పాతదానికి తిరిగి రావచ్చా, సౌండ్ బాగుపడుతుందా, ఇప్పటికే ఉన్న పాటలు ఏమవుతాయి?

పాడవదు. ఏళ్ల తరబడి చేతికందిన ప్రతి ప్లేయర్‌లోనూ వేస్తూ వచ్చాను, ఒక్కటీ చచ్చిపోలేదు. ఐపాడ్‌ను కంప్యూటర్‌కు డ్రైవుగా చూపించే డిస్క్ మోడ్ అనేది వేరే చిప్‌లో ఉంటుంది, రాక్‌బాక్స్ దాని జోలికే పోదు. ఏదైనా తేడా చేసి ఆగిపోతే మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కిపట్టి రీసెట్ చేయండి. వెంటనే మధ్య బటన్, ప్లే కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వెళ్తుంది. అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పాత సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కడికీ పోదు. ఆన్ చేసిన వెంటనే హోల్డ్ స్విచ్ వేస్తే అదే వస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి: ఐపాడ్‌ను మ్యాక్‌లో ఫార్మాట్ చేసి ఉంటే రాక్‌బాక్స్ ఎక్కదు, దానికి విండోస్‌లో చేసే ఎఫ్ఏటీ32 ఫార్మాట్ కావాలి. ఉన్న పాటలు వినిపిస్తాయి, ఐట్యూన్స్‌లో కొన్న కాపీ తాళం ఉన్నవి తప్ప. ఐట్యూన్స్ వాటిని ఎఫ్00, ఎఫ్01 లాంటి ఫోల్డర్లలో నాలుగక్షరాల పిచ్చి పేర్లతో దాచి ఉంటుంది కాబట్టి ఫైళ్లలో వెతక్కండి. డేటాబేస్‌లోకి వెళ్లి ఒకసారి ఇనిషియలైజ్ చేయిస్తే ట్యాగులు చదువుకుని గాయకుల వారీగా, ఆల్బమ్‌ల వారీగా పేర్చుకుంటుంది.

సౌండ్ బాగుపడుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. అంకెల్ని ధ్వనిగా మార్చే చిప్ అదే, హెడ్‌ఫోన్ సాకెట్టూ అదే. మారేది ఈక్వలైజర్. అది నిజంగా మంచిదే, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఒక పాట అరిచి ఇంకో పాట గొణగకుండా రీప్లేగెయిన్ ఉంది. కచేరీ రికార్డింగుల్లో ఒక ట్రాకు నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మధ్యలో తెగదు. నాకు ఇవి చాలు. వైర్ మార్చితే, సాఫ్ట్‌వేర్ మార్చితే గొంతులో మాధుర్యం పెరిగిందనే కబుర్లు విని విని విసుగెత్తింది. ఆ కబుర్లు నమ్మి వేసుకున్నవాళ్లు వారం తర్వాత తేడా ఏమీ లేదని తీసేస్తారు. అసలు గొప్పతనం ఎక్కడుందో వాళ్లకు తెలియకుండానే పోతుంది.

ఆ గొప్పతనం వాయిస్ మెనూ. రాక్‌బాక్స్ గురించి ఎవరు చెప్పినా థీములు, డూమ్ ఆట, ఫ్లాక్ ఫైళ్లు అంటారే గానీ ఇది మాట్లాడుతుందని చెప్పరు. మీరు అడగకపోయినా నేను చెప్పాలనుకున్నది అదే.

మా పెద్దమ్మకు గ్లకోమా వల్ల రెండు కళ్లూ పోయాయి. చేతికి స్మార్ట్‌ఫోన్ ఇస్తే నున్నటి అద్దం మీద ఎక్కడ వేలు పెడితే ఏమవుతుందో తెలియక బల్ల మీద బోర్లా పెట్టేసేది. "గోడను తడుముకున్నట్టుందిరా" అంది ఒకసారి. అప్పుడు నా దగ్గర ఉన్న సాన్సా క్లిప్ ప్లస్ అనే చిన్న పాటల ప్లేయర్ గుర్తొచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంటుంది, బటన్లు పైకి ఉబికి ఉంటాయి, నాలుగు వైపులా నొక్కే చతురస్రం వేలికి స్పష్టంగా తగులుతుంది. (ఈ ఒక్క విషయంలో మీ ఐపాడ్ చక్రం దీనికి సాటి రాదు. వేలు ఎంత తిప్పామో చేతికి తెలియదు.)

అందులో రాక్‌బాక్స్ వేయడానికి సగం రోజు పట్టింది, తప్పు నాదే. ప్లేయర్ యూఎస్‌బీ సెట్టింగ్ ఎంటీపీలో ఉండిపోయింది, ఎంఎస్‌సీకి మార్చితేనే కంప్యూటర్‌కు అది డ్రైవుగా కనిపిస్తుంది. ప్రతి మోడల్‌కూ విడిగా మాన్యువల్ ఉంది, అందులో ఈ సంగతి రాసే ఉంది. నేను చదవలేదు. ఇవాళ ఎవరడిగినా ముందు నేను చెప్పే మాట, మీ మోడల్ మాన్యువల్ తెరవండి అని.

తర్వాత వాయిస్ ఫైలు ఎక్కించాను. మెనూలో ఏ వరుస మీద ఉంటే అది ఇంగ్లీషులో పలుకుతుంది. ఆ నాలుగు మాటలు పెద్దమ్మకు రెండు రోజుల్లో వచ్చేశాయి. చిక్కంతా ఫోల్డర్ల పేర్లతో వచ్చింది. కంప్యూటర్ గొంతుతో చేయిస్తే మన పేర్లను ముక్కలు ముక్కలు చేసి పలికింది, తన ఫోల్డర్ ఏదో తనకే అర్థం కాలేదు. రాక్‌బాక్స్‌లో దీనికి దారి ఉంది. ప్రతి ఫోల్డర్‌లోనూ డాట్ టాక్ అనే చిన్న శబ్దపు ఫైలు పెడితే, ఆ ఫోల్డర్ మీదకు రాగానే అది వినిపిస్తుంది. ఆ శబ్దం ఎవరి గొంతైనా కావచ్చు.

ఒక రాత్రి మైకు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నేను గాయకుల పేర్లు, సంవత్సరాలు చదవబోతే ఆపేసింది. "అవెవరికి గుర్తుంటాయి? నేను చెప్పినట్టు చెప్పు" అని తనే ఒక్కో ఫోల్డర్‌కీ పేరు పెట్టింది. "పొద్దున్నవి." "మీ పెదనాన్న వినేవి." "నిద్రపట్టనప్పటివి." "గొంతు బాగుండదు గానీ మాట బాగుంటుంది." ఈ చివరిది ఒకాయన ప్రసంగాల ఫోల్డర్. నలభైకి పైగా అయ్యాయి. వాటిని రాక్‌బాక్స్ వాడే స్పీక్స్ ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కించాను.

మర్నాడు చేతికిచ్చి పక్కన కూర్చుని చూస్తే, ప్రతిసారీ తనకు కావాల్సిన ఫోల్డర్‌ను దాటి ముందుకు వెళ్లిపోతోంది. వెనక్కి వస్తుంది, మళ్లీ దాటిపోతుంది. ఎందుకో చాలాసేపు అంతుపట్టలేదు. చివరికి హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకుని కళ్లు మూసుకుంటే తెలిసింది: నేను రికార్డ్ బటన్ నొక్కి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు పేరు చెప్పాను. ప్రతి క్లిప్ మొదట్లో అర సెకను నిశ్శబ్దం. కళ్లున్నవాడికి అర సెకను లెక్కలోకి రాదు. చెవితోనే వెతుకుతున్న మనిషికి ఆ నిశ్శబ్దం "ఇక్కడేమీ లేదు, పద" అన్నట్టు వినిపిస్తుంది. కూర్చుని అన్నిటికీ మొదలు కత్తిరించాను. ఆ సాయంత్రం నుంచి బటన్ మీద తన వేలు తడబడటం నేను చూడలేదు.

ప్రసంగం మధ్యలో ఆపేస్తే మర్నాడు అక్కడే మొదలయ్యేలా బుక్‌మార్క్ పెట్టాను, నిద్రలోకి జారుకుంటే దానంతటదే ఆగిపోయేలా స్లీప్ టైమర్. ఛార్జింగ్ తగ్గుతుంటే అదే చెబుతుంది. తెలుగు అక్షరాల విషయంలో మాత్రం రాక్‌బాక్స్‌కు లోటుంది. ఫాంట్ పెట్టినా గుణింతాలూ వత్తులూ సరిగా కలవవు, అందుకే నేను ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాను. మనవాళ్లెవరైనా పూనుకుంటే అదీ సరవుతుంది, కోడ్ అందరికీ తెరిచే ఉంది.

ఈ కోడ్ పుట్టిందే అలాగ. 2001 చివర్లో ఆర్కోస్ అనే కంపెనీ పాటల ప్లేయర్ కొనుక్కున్న స్వీడన్ ప్రోగ్రామర్లు కొందరు, అందులోని సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోలేక తమకు కావాల్సింది తామే రాసుకున్నారు. వాళ్లలో ఒకరైన డేనియల్ స్టెన్‌బర్గ్ రాసిన కర్ల్ అనే, నెట్ మీద డేటా తెచ్చిపెట్టే ప్రోగ్రామ్‌ను ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. ఆపిల్ 2022లో ఐపాడ్ అమ్మకాలకే స్వస్తి చెప్పింది, రాక్‌బాక్స్‌కు 4.0 వెర్షన్ 2025లో వచ్చింది. పాత వస్తువు మూలపడేయమని చెప్పేవాళ్లందరికీ నేను ఈ రెండు సంవత్సరాలు చూపిస్తాను.

పెద్దమ్మ రెండుసార్లు మాత్రం ఫోన్ చేసింది. మొదటిసారి: "ఒరేయ్, దీనికి నోరు పడిపోయిందిరా." ఆన్ చేసేటప్పుడు ఎడమ బటన్ మీద వేలు పడింది. క్లిప్ ప్లస్‌లో అలా పట్టుకుంటే పాత సాఫ్ట్‌వేర్ మొదలవుతుంది. ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాను, పలికింది. రెండోసారి ఆన్, ఆఫ్ చేసినా మెనూ పలకలేదట. కొత్త వెర్షన్ వేసి వాయిస్ ఫైలు పాతదే వదిలేశాను, రెండూ ఒకే వెర్షన్‌వి కాకపోతే మెనూ మాట్లాడదు. మీ ఐపాడ్‌లో వేసేటప్పుడు, రాక్‌బాక్స్‌ను ఎక్కించిపెట్టే రాక్‌బాక్స్ యుటిలిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో వాయిస్ ఫైలుకు కూడా టిక్ పెట్టండి, వెర్షన్ మార్చిన ప్రతిసారీ పెట్టండి. ఒక రాత్రి దీపం ఆర్పాక, తెర చూడకుండా పాట వెతికి చూడండి.